పాత సైకిల్ అమ్మకం: గుండుగుత్తగానా, విడిభాగాలుగానా? అమ్మే దారులన్నిటికీ మార్కులు

బాల్కనీలో దుమ్ము కొట్టుకుపోతున్న గేర్ల సైకిల్‌కి ఎవరో వచ్చి చూసి, పదివేలకి మించి ఒక్క రూపాయి ఇవ్వనంటారు. ఆ రాత్రే లెక్క మొదలవుతుంది. చక్రాల జత ఇంత, గేర్ల సెట్టు ఇంత, ఫోర్కు ఇంత, సీటు ఇంత... కూడితే ఇరవై దాటింది! కాగితం మీద ఎప్పుడూ దాటుతుంది. చేతికొచ్చే డబ్బు మాత్రం ఆ కూడికలో తేలదు. అన్నీ పోయాక ఆఖర్న మిగిలే ఫ్రేమును ఎవరు పట్టుకెళ్తారన్న దగ్గర తేలుతుంది. ఫ్రేముకి బేరం కుదరకముందే పానా పట్టుకున్నవాళ్ళలో చాలామంది చివరికి మొత్తం బండి ధర కంటే తక్కువే కళ్ళజూస్తారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళలో మామూలు మనిషికి అందుబాటులో ఉన్న దారులను ఇక్కడ ఒక్కొక్కటిగా తూచి మార్కులు వేశాం. ధరలు ఉజ్జాయింపుగా రాసినవి. ఊరు, సీజను, బండి స్థితిని బట్టి అటూ ఇటూ అవుతాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

పాత బిల్లు కాదు, ఇవాళ్టి కొత్త ధర

అమ్మేవాళ్ళు చేసే మొదటి పొరపాటు కొన్న ధర పట్టుకుని కూర్చోవడం. కొనేవాడు చూసేది అలాంటి కొత్త బండి ఇవాళ ఎంతకొస్తుందన్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అంటే పన్నుతో కలిపి 28,000 ఉన్న బండి అసలు ధర 25,000. 5 శాతం వేస్తే 26,250. ఏమీ చేయకుండానే మీ పాత బండి విలువలోంచి కూడా కొంత కరిగిపోయింది. లాక్‌డౌన్ తర్వాత సైకిళ్ళు దొరక్క ఎగబడిన రోజుల్లో కొన్నదైతే ఆ ధరను పూర్తిగా మర్చిపోండి. అప్పట్లో కొన్నవే ఇప్పుడు అమ్మకానికి కుప్పలుగా ఉన్నాయి, పైగా వాటిలో చాలావి వంద కిలోమీటర్లు కూడా తిరగనివి.

బాగా చూసుకున్న బ్రాండెడ్ గేర్ల సైకిల్‌కి రెండు మూడేళ్ళ తర్వాత ఇవాళ్టి కొత్త ధరలో 40 నుంచి 50 శాతం అడగొచ్చు. బిల్లు లేకపోతే అందులోంచి ఇంకో పది శాతం వదులుకోవడానికి సిద్ధపడండి. పదిహేను వేల లోపు ఇనుప ఫ్రేము గేర్ల సైకిళ్ళకి మూడో వంతు దొరికితే గొప్పే.

ఒక బండి, రెండు లెక్కలు

షిమానో కంపెనీ సోరా రకం 9 స్పీడ్ (వెనక తొమ్మిది పళ్ళ చక్రాల) గేర్ల సెట్టు, అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు ఉన్న రోడ్ బైక్ ఒకటి తీసుకుందాం. కొత్తది 65,000 దగ్గర ఉంటుంది. నాలుగేళ్ళ వాడకం తర్వాత మొత్తంగా 32,000 అడిగితే బేరం 28,000 దగ్గర తెగుతుంది.

ఇదే బండిని విప్పితే: హ్యాండిల్ మీద బ్రేకు, గేరు మీటలు కలిసిన షిఫ్టర్ల జత 6,500. వెనక డిరైల్యూర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) 1,800, ముందుది 900. క్రాంక్ సెట్టు (పెడళ్ళు బిగించే చేతులు, ముందు పళ్ళ చక్రాలు) 2,800. బ్రేకు క్యాలిపర్లు 1,500. చక్రాల జత 5,500. క్యాసెట్టు (వెనక చక్రం మీది పళ్ళ గుత్తి) 900. టైర్లు రెండూ 800. సీటు 600. హ్యాండిల్, దాన్ని ఫోర్కుకి కలిపే స్టెమ్ కలిపి 1,200. సీటు కింది గొట్టం (సీట్‌పోస్ట్) 500. ఫ్రేము, ఫోర్కు కలిపి 9,000. మొత్తం 32,000. ఇందులోంచి ప్యాకింగుకీ పార్సిల్‌కీ రెండు వేలు, లేని పనిముట్లు కొనడానికి పదిహేను వందలు తీసేయండి. మిగిలింది 28,500.

రెండు నెలల పాటు పన్నెండు మందితో బేరాలాడి, పన్నెండు పెట్టెలు కట్టి సంపాదించింది 500 రూపాయలు! అదీ ఫ్రేము పోతేనే. పోకపోతే చేతిలో ఉన్నది 19,500, గోడకి వేలాడేది ఒక అస్థిపంజరం. అసలుకే ఎసరు అంటే ఇదే.

విప్పితేనే లాభమయ్యే బళ్ళు

అయితే విప్పడమే సరైన పని అయిన సందర్భాలున్నాయి. అన్నిటికంటే ముందు ఫ్రేము దెబ్బతిన్న బండి. ఎదురుగా దేన్నో గుద్దిన సైకిల్‌ని పట్టుకుని, హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫోర్కు దూరే పొట్టి గొట్టం) వెనక, డౌన్‌ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ళ వైపు దిగే గొట్టం) కింది వైపు వేలుగోరుతో రాసి చూడండి. పెయింటులో సన్నటి అడ్డ ముడతగానీ, అల ఎత్తినట్టుగానీ గోరుకి తగిలితే ఫ్రేము నలిగినట్టే. సీటు ట్యూబు అతుకు దగ్గర, వెనక చక్రం ఇరుసుకి పోయే గొట్టం (చైన్‌స్టే) క్రాంకు పక్కన ఉండే చోట కూడా వెంట్రుకవాసి పగుళ్ళు వస్తుంటాయి. ఇనుప ఫ్రేమునైతే వంపు తీయించవచ్చు, వెల్డింగు పెట్టించవచ్చు. అల్యూమినియానికి ఆ ముచ్చట లేదు. అతికించినా అతుకు పక్కనే మళ్ళీ విరుగుతుంది. పగిలిన ఫ్రేమును స్టిక్కర్ కింద దాచి బండి మొత్తంగా అంటగట్టడం మోసం ఒక్కటే కాదు, తొక్కేవాడి పళ్ళు రాలగొట్టే పని. అలాంటి బండిని విప్పేయండి, ఫ్రేమును అల్యూమినియం తుక్కు కింద తూకానికి వేయండి.

రెండోది, బండి కంటే దాని మీద బిగించిన సామాను ఖరీదైన సందర్భం. పాతిక వేల హైబ్రిడ్‌కి (రోడ్ బైక్‌కీ కొండదారుల సైకిల్‌కీ మధ్య రకం) పది వేల చక్రాలు, నాలుగు వేల క్లిప్‌లెస్ పెడళ్ళు (బూటు అడుగు పట్టుకునేవి), మంచి సీటు, సైకిల్ కంప్యూటర్ వేయించుకున్నవాళ్ళుంటారు. కొనేవాడు వాటికి అదనంగా రెండు వేలు కూడా ఇవ్వడు. వాడి దృష్టిలో అది ఇంకా పాతిక వేల హైబ్రిడ్డే. అప్పుడు చేయాల్సింది బండిని పూర్తిగా విప్పడం కాదు. అటక మీద పెట్టిన ఒరిజినల్ చక్రాలు, ఒరిజినల్ సీటు తిరిగి బిగించి బండిని మొత్తంగా అమ్మి, పైసామాను విడిగా అమ్మడం. అన్నిటికంటే ఎక్కువ డబ్బు చేతికొచ్చే పద్ధతి ఇదే. అందుకే బండికి కొత్త భాగం వేయించిన రోజు తీసేసిన పాత భాగాన్ని షాపులోనే వదిలేసి రాకండి.

మూడోది, సైజు కుదరని మంచి బండి. ఆరడుగుల రెండంగుళాల మనిషి వాడిన 60 సెంటీమీటర్ల ఫ్రేముకి మన ఊళ్ళలో గిరాకీ తక్కువ. దాని మీద ఉన్న టియాగ్రా లేదా 105 సెట్టుకి (సోరా కంటే పై రకం షిమానో సెట్లు) సైజుతో పని లేదు. ఇలాంటప్పుడు గ్రూప్‌సెట్టు (గేర్ల, బ్రేకుల సామాను) మొత్తం ఒకరికే, చక్రాలు మరొకరికి, ఫ్రేము ఓపిగ్గా మూడోవాళ్ళకి. మూడే ముక్కలు, పన్నెండు కాదు.

ఇరవై ఒక్క గేర్ల ఇనుప ఎంటీబీలను (కొండదారుల రకం, మౌంటెన్ బైకులు) మాత్రం విప్పకండి. వాటి మీదుండే షిమానో చవక రకం టూర్నీ డిరైల్యూర్ కొత్తదే వెయ్యి లోపు దొరుకుతుంటే పాతదానికి ఎవరు ఎంతిస్తారు? ముందు సస్పెన్షన్ ఫోర్కు లోపల స్ప్రింగు తప్ప ఏమీ ఉండదు, తుప్పు పట్టిన గొట్టాలను చూస్తే ఎవరూ ముట్టుకోరు. మొత్తంగా మూడున్నర వేలకి అమ్మగలిగితే అమ్మేయండి. పిల్లల సైకిళ్ళూ అంతే. పక్క చక్రాలతో, బుట్టతో, బెల్లుతో సహా ఇస్తేనే అందం, ధర కూడా. ఎలక్ట్రిక్ సైకిల్‌నైతే విప్పే ఆలోచనే వద్దు. లిథియం బ్యాటరీని మామూలు పార్సిల్‌గా పంపనివ్వరు, బ్యాటరీ లేని మోటారు చక్రాన్ని కొనేవాళ్ళు లేరు.

నల్ల సైకిళ్ళ సంగతి వేరు. 28 × 1½ చక్రాలు, కాటర్ పిన్ క్రాంకులు (మేకులాంటి పిన్నుతో బిగించేవి), రాడ్ బ్రేకులు (కేబుల్ బదులు కడ్డీలతో పనిచేసేవి) ఉన్న పాత రకానికి హీరో, అట్లాస్, ఏవన్ తేడా పెద్దగా లేదు, ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు పడుతుంది. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడినా ఆ సైకిళ్ళు ఇంకా రోడ్డు మీద నడుస్తున్నాయంటే కారణం ఇదే. కాబట్టి రిపేరు షాపు ఆయనకి మీ నల్ల సైకిల్ ఒక విడిభాగాల గోదాము. విప్పే పని ఆయనకే వదిలేయండి.

ఇందులో ఒక మినహాయింపు: తాతల నాటి ఇంగ్లండు రాలీ, హంబర్, ఫిలిప్స్, లేదా అసన్‌సోల్‌లో తయారైన సేన్ రాలీ ఇంట్లో ఉంటే ఒక్క బోల్టు కూడా కదపకండి. పాతవి సేకరించేవాళ్ళు డబ్బిచ్చేది ముందున్న బ్యాడ్జి, చైన్ కవర్, దీపం తగిలించే కొక్కెం, తోలు సీటు, డైనమో అన్నీ ఆ బండివే అయినప్పుడు. వెనక చక్రం మధ్యలోని హబ్ స్టర్మీ ఆర్చర్ కంపెనీదైతే గుడ్డతో తుడిచి చూడండి, తయారైన సంవత్సరం అంకె చాలావాటి మీద కొట్టి ఉంటుంది. కొత్త పెయింటు వేయించి "తళతళలాడుతోంది" అని ఫొటో పెడితే విలువ సగం పోయినట్టే.

విప్పేటప్పుడు పాడయ్యేవి

విప్పాలనే తేల్చుకుంటే, సగం నష్టం జరిగేది పనిముట్ల దగ్గరే. అమ్మాల్సిన భాగమే చేతిలో పాడవుతుంది.

పెడళ్ళకి 15 మి.మీ. సన్న పానా, కొన్నిటికి వెనక నుంచి 6 లేదా 8 మి.మీ. ఎలన్ కీ. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమది ఎదురు మర. గుర్తుంచుకోవడానికి సులువు: పానాను పైకి నిలిపి, ఏ వైపైనా వెనక చక్రం వైపు తోస్తే వదులవుతుంది. ఇది తెలియక ఎడమ పెడల్‌ను ఇంకా బిగించి, ఆనక సుత్తితో కొట్టి అల్యూమినియం క్రాంకు మర పోగొట్టుకున్నవాళ్ళకి లెక్క లేదు. మర పోయిన క్రాంకు తుక్కే.

చతురస్రపు ఇరుసు మీద బిగించే క్రాంకుకైతే ముందు 14 మి.మీ. సాకెట్టుతో లేదా 8 మి.మీ. ఎలన్ కీతో బోల్టు తీయాలి. ఆ బోల్టు వెనక ఒక వాషరు ఉంటుంది. గ్రీజులో అతుక్కుని కనపడదు. దాన్ని తీయకుండా క్రాంక్ పుల్లర్ (క్రాంకును ఇరుసు మీద నుంచి లాగే పనిముట్టు) పెడితే ఇరుసు బదులు వాషర్ మీద ఒత్తుతుంది, క్రాంకు రాదు, మర ఊడొస్తుంది. పుల్లర్‌ను చేత్తో తిరిగినంత మేర పూర్తిగా లోపలికి ఎక్కించాకే పానా వేయాలి. రెండు మూడు చుట్లు ఎక్కగానే లాగడం మొదలుపెడితే ఫలితం అదే. షిమానో హాలోటెక్ రకంలో పుల్లర్ అక్కర్లేదు. ఎడమ క్రాంకు మీది రెండు 5 మి.మీ. బోల్టులు వదులు చేసి, ప్లాస్టిక్ మూత తిప్పి, సందులో ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకను పైకి లేపాలి.

బాటమ్ బ్రాకెట్టు (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగు భాగం) మన దగ్గర దొరికే చాలా బళ్ళలో బీఎస్ఏ రకం మర, 68 మి.మీ. వెడల్పు. చైన్ ఉన్న వైపు కప్పుకి ఎదురు మర. విప్పాక దాన్ని విడిగా అమ్మే ఆశ పెట్టుకోవద్దు. రెండు మూడు వందల వస్తువు, కొసరుగా ఫ్రేముతోనే ఇచ్చేయండి. హెడ్‌సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా అంతే. కప్పులు కొట్టి తీస్తే ఫ్రేము కొనేవాడు మళ్ళీ ప్రెస్ చేయించుకోవాలి.

వెనక పళ్ళు క్యాసెట్టా, ఫ్రీవీలా అన్నది ప్రకటనలో తప్పు రాస్తే గొడవే. పళ్ళను వెనక్కి తిప్పండి. మధ్యలో పనిముట్టు పెట్టే గాడి పళ్ళతో పాటు తిరిగితే క్యాసెట్టు, కదలకుండా ఉంటే మర మీద బిగించే ఫ్రీవీలు. ఒక్క గేరు ఫ్రీవీలు ముఖం మీద రెండు చిన్న గుంటలున్న రింగు కనిపిస్తుంది. దాన్ని ఉలితో కొట్టి తిప్పితే ఊడేది చక్రం నుంచి ఫ్రీవీలు కాదు, ఫ్రీవీలు కడుపే. డజన్ల కొద్దీ చిన్న బాల్స్ నేల మీద పరుగులు తీస్తాయి.

సముద్రం ఒడ్డు ఊళ్ళలో, అంటే విశాఖ, కాకినాడ వైపు, ఇంకో చిక్కు. ఇనుప ఫ్రేములో అల్యూమినియం సీట్‌పోస్ట్ ఏళ్ళ తరబడి కదపకపోతే ఉప్పు గాలికి రెండు లోహాలూ కరుచుకుపోతాయి. గట్టిగా మెలిపెడితే ఫ్రేమే వంగొచ్చు. తుప్పు వదిలించే నూనె సందులో పోసి రాత్రంతా వదిలి, పాత సీటు బిగించి దాన్నే పిడిలా పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పాలి. రాకపోతే ఆగిపోండి, బండి మొత్తంగా అమ్మండి, "సీటు ఎత్తు మారదు" అని ముందే చెప్పండి. ఆ ఎత్తు సరిపోయేవాడే వస్తాడు.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్నాయా? చక్రం తీశాక పొరపాటున కూడా లివర్ నొక్కకండి. ప్యాడ్లు దగ్గరికొచ్చి పట్టేస్తాయి. అట్టముక్కైనా మధ్యలో పెట్టండి. గొట్టం ఫ్రేము లోపల నుంచి పోతే దాన్ని కోయకుండా బ్రేకు బయటికి రాదు. కోసిన గొట్టానికి కొత్త ముడి భాగాలు వేయాలి, ఆయిల్ మళ్ళీ నింపాలి. అంటే కొనేవాడికి ఆరేడు వందల ఖర్చు, మీ ధరలోంచి అంతా కోత. షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. "ఏదైనా బ్రేక్ ఆయిలే కదా" అని మోటారు బళ్ళలో వాడే డాట్ ఫ్లూయిడ్ పోసి అమ్మితే లోపలి సీళ్ళు ఉబ్బి పాడవుతాయి.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది

వేగంగా అమ్ముడుపోయేవి షిఫ్టర్లు. రోడ్ బైక్ కింద పడితే మొదట నేలకి తగిలేవి అవే, కాబట్టి పాడయ్యేదీ, కొత్తదానికి ప్రాణం పోయేంత ధర పలికేదీ అవే. విడివిడిగా కాకుండా డిరైల్యూర్లతో జతగా అమ్మితే పేచీ ఉండదు. టియాగ్రా 4700 షిఫ్టరు 10 స్పీడే, దాని ముందు తరం 4600 కూడా 10 స్పీడే. అయినా ఒకదాని షిఫ్టరు ఇంకోదాని వెనక డిరైల్యూర్‌కి పడదు, కేబుల్ లాగే కొలత వేరు. "10 స్పీడ్ షిఫ్టరు" అని మాత్రమే రాసి అమ్మితే వారంలో తిరిగొస్తుంది. వెనక గీసి ఉన్న మోడల్ నంబరు ఫొటో తప్పనిసరి.

చక్రాలకి కొలత అంగుళాల్లో కాకుండా మి.మీ.ల్లో చెప్పండి: 26కి 559, 27.5కి 584, 29కీ 700సీకీ రెండిటికీ 622. పాత నల్ల సైకిల్‌కి 635. దానికి 28 అని పేరుండబట్టి 700సీ టైరు పడుతుందనుకుంటారు, పడదు. వెనక హబ్ వెడల్పు 130 మి.మీ.నా, 135నా, లేక ఇరుసును హబ్‌లోంచి దూర్చి బిగించే త్రూ యాక్సిల్ రకమా అన్నదీ రాయాలి. రిమ్ బ్రేకు చక్రమైతే బ్రేకు రబ్బరు తగిలే గోడ మీద స్కేలు ఆనించండి. గోడ లోపలికి పల్లంగా అరిగి వెలుతురు కనిపిస్తే ఆ రిమ్మును అమ్మకూడదు. గాలి ఒత్తిడికి ఒకరోజు పగులుతుంది.

వాడిన చైన్ ఎవరూ కొనరు. కానీ దాన్ని పారేసే ముందు కొలవండి, ఎందుకంటే క్యాసెట్టు ధర అది చెబుతుంది. స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్యన సున్నా పెట్టి 12 అంగుళాల దగ్గర చూడండి. కొత్త చైన్‌లో అక్కడ సరిగ్గా ఇంకో పిన్ను మధ్యభాగం ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే అర శాతం సాగింది, ఎనిమిదో వంతు దాటితే ఒక శాతం. పదహారో వంతు లోపైతే క్యాసెట్టును నమ్మకంగా అమ్మొచ్చు. ఎనిమిదో వంతు దాటితే పళ్ళు కూడా అరిగే ఉంటాయి, కొత్త చైన్ వేయగానే జారడం మొదలవుతుంది. అలాంటిదాన్ని అమ్మితే పేరు పోవడం తప్ప మిగిలేదేమీ లేదు.

ఫోర్కును విడిగా అమ్మాలంటే స్టీరర్ గొట్టం (ఫోర్కు పైన హెడ్‌ట్యూబ్‌లో దూరేది) పొడవు మి.మీ.ల్లో కావాలి. ఒకసారి కోసిన గొట్టం పెద్ద ఫ్రేముకి చాలదు. ఈ ఒక్క అంకె లేని ప్రకటనలకి "పొడవెంత సార్?" అని యాభై మెసేజ్‌లొస్తాయి, కొనేవాడు ఒక్కడూ రాడు. అందుకే ఫోర్కును ఫ్రేముతోనే ఉంచమనడం.

హ్యాండిల్ గ్రిప్పులు, కేబుళ్ళు, సాధారణ ప్లాస్టిక్ పెడళ్ళు, సీటు కింద క్లాంపు ఒక కవర్లో వేసి ఫ్రేము కొన్నవాడికి ఇచ్చేయండి. వీటికి బేరమాడి టైము తగలేసుకోవద్దు.

దారులు, మార్కులు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు: పిల్లల సైకిళ్ళకి 5కి 4.5. మార్చి చివర, సెలవులకి ముందు పెడితే సాయంత్రానికి పోతుంది. పార్సిల్ లేదు, మోసం లేదు. పక్కింటివాళ్ళ దగ్గర ధర గట్టిగా అడగలేకపోవడం ఒక్కటే లోపం. పెద్దవాళ్ళ గేర్ల బండికి 3, విడిభాగాలకి సున్నా.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్: మొత్తం బండికి 3.5, భాగాలకి 1.5. చూసేవాళ్ళు ఎక్కువ, తెలిసినవాళ్ళు తక్కువ. "లాస్ట్ ప్రైస్?" అని అడిగి మాయమైపోయేవాళ్ళే ఎక్కువమంది. మీకు కావాల్సిన ధర మీద పదిహేను శాతం పైన వేసి పెట్టాల్సిందే, తగ్గించకపోతే బేరం తెగదు. ఇక్కడే క్యూఆర్ కోడ్ మోసం. బండి చూడకుండానే ఒప్పేసుకుని, ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, "డబ్బు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.

సైక్లింగ్ క్లబ్బుల గ్రూపులు: భాగాలకి 4.5, సోరా, ఆ పై సెట్టున్న బళ్ళకి 4. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో తెరిచాక హైదరాబాద్ పడమటి వైపు తొక్కేవాళ్ళు కలుసుకునే చోటు ఒకటి ఏర్పడింది. శని, ఆదివారాలు పొద్దున్నే అక్కడికి తీసుకొచ్చి చూపించమంటే కొనేవాడు సంతోషంగా వస్తాడు. వీళ్ళు చైన్ కొలత అడుగుతారు, ఫ్రేము సైజు సెంటీమీటర్లలో అడుగుతారు, అబద్ధం చెబితే గ్రూపంతా తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళతో బేరం కాబట్టి ధర న్యాయంగానే ఉంటుంది. గిరాకీ లేని ఎంటీబీని మాత్రం ఇక్కడ పెట్టకండి, పలికే నాథుడుండడు.

షోరూమ్ ఎక్స్‌ఛేంజ్: 2. పాత బండికి ఐదు వేలు ఇస్తున్నామంటారు, కానీ కొత్త బండి మీద ఆ ఐదు వేలు ఎక్స్‌ఛేంజ్ లేకుండానే తగ్గేవి కావచ్చు. పాత బండి ఊసెత్తకుండా కొత్తదాని ఆఖరి ధర ముందు అడగండి, అది తేలాకే పాతది బయటపెట్టండి. రెండిటి తేడానే మీ పాత బండికి వాళ్ళిచ్చే అసలు ధర. ఒక్కోసారి అది వెయ్యి రూపాయలు కూడా ఉండదు.

వీధి చివర రిపేరు షాపు: నల్ల సైకిళ్ళకి 4, గేర్లవాటికి 2. ఆయన కొని, ఓవరాయిలింగ్ చేసి, చక్రాల బెండు తీసి, వాచ్‌మెన్‌కో పాలబ్బాయికో అమ్ముకోవాలి. ఆ లాభం తీసేశాకే మీకు చెబుతాడు. ఆయన పెట్టే ధర అన్యాయంగా అనిపించినా, అరగంటలో డబ్బు చేతిలో పెడతాడు. కొనకపోయినా వంద రూపాయల కమీషన్ మీద షాపు ముందు నిలబెట్టమనండి, చాలామంది ఒప్పుకుంటారు.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత: 2. పనిముట్లు కొనడానికి మంచి చోటు, అమ్మడానికి కాదు. అక్కడ బిల్లు లేని సామానే ఎక్కువ కాబట్టి మీ బిల్లుకి విలువే లేదు.

పాత ఇనుము కొనేవాళ్ళు: 1. ఇరవై కిలోల నల్ల సైకిల్ కిలో ముప్పై చొప్పున ఆరు వందలు. అడ్డికి పావుశేరు లెక్క. పగిలిన అల్యూమినియం ఫ్రేముకి మాత్రం ఇదే సరైన చోటు. తూకానికి వేసే ముందు దాని మీదున్న ఇనుప బోల్టులన్నీ తీసేయండి, ఇనుముతో కలిసి ఉంటే అల్యూమినియం ధర కట్టరు.

ప్యాకింగ్ దగ్గర పోయే డబ్బు

చాలా కొరియర్ సంస్థలు పెద్ద పెట్టెల్ని బరువు బట్టి కాక పరిమాణం బట్టి తూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం మామూలు పద్ధతి. చక్రాల జత పెట్టె 75 × 75 × 20 అనుకోండి, లెక్కలో 22.5 కిలోలు! అసలు బరువు మూడు కిలోలే. అందుకే చక్రాలు, ఫ్రేములు ఆర్టీసీ కార్గోలోనో, ప్రైవేటు ట్రావెల్స్ బస్సులోనో పంపాలి, అవతలివాళ్ళు బస్టాండుకొచ్చి తీసుకోవాలి. షిఫ్టర్లు, డిరైల్యూర్లకి మాత్రం కొరియరే మేలు. పెట్టెలకి డబ్బు పెట్టొద్దు. షోరూమ్‌లో సైకిల్ విప్పిన ఖాళీ అట్టపెట్టెలు అడిగితే ఊరికే ఇస్తారు. ఫ్రేము పంపేటప్పుడు వెనక చక్రం ఉండే ఖాళీలో, ఫోర్కు కాళ్ళ మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెట్టండి (కొత్త సైకిల్ పెట్టెలోనే దొరుకుతుంది). అది లేకపోతే మీద ఏదైనా బరువు పడగానే రెండు కాళ్ళూ దగ్గరికి వంగుతాయి. డిరైల్యూర్ తగిలించే కొక్కేన్ని విప్పి ఫ్రేముకి టేపుతో అంటించండి.

చూపించే ముందు, ఇచ్చే ముందు

బండి మొత్తంగా అమ్ముతుంటే ఓవరాయిలింగ్ చేయించకండి, ఆ వెయ్యి రూపాయలు తిరిగి రావు. నీళ్ళతో కడిగి, చైన్‌ను కిరసనాయిలుతో తుడిచి నూనె వేసి, టైర్లలో గాలి నింపి, తెగిన కేబుల్ ఉంటే మార్చండి, చాలు. డిస్కు మీద నూనె చుక్క పడనివ్వొద్దు, పడితే బ్రేకు కీచుమంటుంది, కొనేవాడు ఇంటికి నడుస్తాడు. ఫొటోలు పగటి వెలుతురులో, చైన్ ఉన్న వైపు నుంచి. పళ్ళ దగ్గర ఒకటి, గీతలూ సొట్టలూ ఉన్న చోట ఒకటి. లోపాలు మీరే చూపిస్తే బేరంలో వాటి పేరు చెప్పి కోసే అవకాశం తగ్గుతుంది.

తొక్కి చూస్తానన్నవాడి ఫోను కాదు, వాడొచ్చిన బండి తాళాలు తీసుకోండి. క్రాంకు కింద ఫ్రేము మీద చెక్కిన నంబరు, తేదీ, ధర, ఇద్దరి సంతకాలతో ఒక కాగితం రాసి రెండు కాపీలు పెట్టుకోవాలి. ఫ్రేము ఒక్కటే విడిగా అమ్మినా ఈ కాగితం తప్పదు, ఎందుకంటే నంబరున్నది దాని మీదే. దొంగ సైకిల్ అని ఎప్పుడైనా పోలీసులు ఆరా తీస్తే అడిగేది షిఫ్టరెక్కడ అని కాదు.